బొడ్డుతాడు వియ్యం

ఇంతా చేసి ఇంతేనా అనుకుంది కండక్టరమ్మ, గాజు గోడకి ముక్కు ఆనించి. ముక్కు మీద మాస్కు ఉంది కాబట్టి ఆనించింది మాస్కునే. లోపల మంచం పక్కన స్టాండుకి వేలాడుతున్న సంచీ అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. అందులో ఉన్నది చూస్తే టమాటాలు కడిగిన నీళ్ళలా ఉంది, దీనికోసమా రెండేళ్ళు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది, దీనికోసమా కనిపించిన ప్రతివాడి నోట్లోనూ పరీక్ష పుల్ల పెట్టింది! మూలుగ మార్పిడి అంటే ఎంత తతంగం ఊహించుకుంది! డాక్టర్లు పరుగులు పెడతారనీ, తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతుందనీ, తను గోడ పట్టుకుని సొమ్మసిల్లి పడిపోతే ఎవరో మొహాన నీళ్ళు కొడతారనీ అన్నీ ముందే అనుకుని, పడిపోయినా నలగని బట్ట చూసి మరీ కట్టుకొచ్చింది. తీరా చూస్తే చుక్క. మళ్ళీ చుక్క. కాసేపాగి ఇంకో చుక్క. "గంట పడుతుందమ్మా, కూర్చోండి" అని చెప్పి నర్సు లోపలికెళ్ళి తలుపేసుకుంది. గంటంటే ఆ రోజుల్లో డిపో నుంచి ఆఖరి స్టాపుకి ఒక ట్రిప్పు, ఒక ట్రిప్పులో ఎన్ని తగువులు తీర్చేది తను, ఎన్ని కాళ్ళు తొక్కించుకునేది, ఇప్పుడు ఊరికే కూర్చోవాలట. ఊరికే కూర్చోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ రాదు.

మంచం మీద చిల్లర నిద్రపోతోంది. ఏడేళ్ళ మనవరాలికి ఆ పేరు పెట్టింది తనే, ఎన్ని నోట్లున్నా చిల్లర లేకపోతే రోజు గడవదని. కోడలికి ఆ పేరు గిట్టదు, ఆ మాటకొస్తే కోడలికి గిట్టనివి చాలానే ఉన్నాయి గానీ ఇప్పుడు అవన్నీ ఎందుకు, పిచ్చిపిల్ల లోపల మంచం పక్కనే కుర్చీలో కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా గౌను, టోపీ, మాస్కు వేసుకుని కూతురి పాదం పట్టుకుని కూర్చుంది. చిల్లర ఎముకల్లో మూలుగ రక్తం చెయ్యడం మానేసింది. మిగిలిన కాస్త మూలుగనీ వారం పైగా మందులు పోసి ఊడ్చేశారు, కొత్తదానికి చోటు కావాలని. అంటే పాతది పోయింది. ఈ సంచీలోని కణాలు పోయి ఎముకల్లో కుదురుకుంటే పిల్ల దక్కుతుంది, కుదురుకోకపోతే దక్కదు. ఈ మాట డాక్టరు సాయంత్రం వాన పడొచ్చు అన్నంత మెత్తగా చెప్పాడు. "అయితే ఇంక వెనక్కి తిప్పేది లేదా బాబూ?" అని తను అడిగింది. "లేదమ్మా" అన్నాడు. అప్పటినుంచీ ఆమె అందరి మీదా విసుక్కుంటోంది.

ఫోను మోగింది. కొడుకు. కింద గేటు దగ్గరే ఉన్నాడు. పైకి వస్తూ వస్తూ సెక్యూరిటీ గార్డు ఎదురుగా తుమ్మాడు మహానుభావుడు, ఒక్కటంటే ఒక్క తుమ్ము, అంతే, పిల్ల ఉన్న అంతస్తుకి రానివ్వం అన్నారు. రెండేళ్ళు ఎదురుచూసిన రోజున తుమ్మేవాణ్ణి ఏమనాలి! "ఎంతవరకూ వచ్చిందమ్మా?" అన్నాడు. "వస్తోందిరా." "ఎంత వచ్చింది? సగమా?" "ఎంతో కొంత. ముక్కు తుడుచుకో ముందు." "అది దుమ్ముకి వచ్చిన తుమ్మమ్మా, జలుబు కాదు." "ఆ ముక్క గార్డుకి చెప్పు" అని పెట్టేసింది. పాపం అనిపించింది పెట్టేశాక. మూలుగ సరిపోతుందేమో చూడ్డానికి వాడి నోట్లోనూ పుల్ల పెట్టారు మొదటిరోజు, కోడలి నోట్లోనూ పెట్టారు. ఇద్దరివీ చెరి సగమే సరిపోయాయి. సగంతో చేసే పద్ధతి కూడా ఉందట గానీ, ఎన్నోసార్లు ఎవరెవరి రక్తమో ఎక్కించడంతో చిల్లర ఒళ్ళు అమ్మానాన్నల కణాల మీదే పగబట్టి కూర్చుందట. అది విని కొడుకు ఏడ్చాడు. తను ఏడవలేదు, ఇంట్లో ఎవరో ఒకరు అన్నం వండాలి కదా.

తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది, ఆమెతోపాటు గుప్పుమని వాసన. వెల్లుల్లి! ఉడికిన మొక్కజొన్నలో వెల్లుల్లి వేసినట్టు. కండక్టరమ్మ మెల్లిగా పక్కకి తిరిగి, బెంచీ మీద తన పక్కనే కూర్చున్న వియ్యపురాలి వైపు అనుమానంగా చూసింది. ఆస్పత్రికి వస్తూ ఏం తినొచ్చింది ఈవిడ, అది కూడా ఇలాంటి రోజున! సరిగ్గా అప్పుడే వియ్యపురాలు కూడా అదే చూపు తన వైపు చూస్తూ కనపడింది. ఒకరి మాస్కు మీద నుంచి ఒకరు కాసేపు అలా చూసుకున్నారు. నర్సుకి నవ్వొచ్చింది. "మీ ఇద్దరిదీ కాదమ్మా. సంచీలోది. గడ్డకట్టించి దాచడానికి కలిపే మందు వాసన. రేపటిదాకా పాప ఒంట్లోంచి కూడా వస్తుంది." వియ్యపురాలు ముందు సిగ్గుపడి, తర్వాత కండక్టరమ్మ మోకాలి మీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి ఉక్కు చెయ్యి. జీవితమంతా పిల్లలకి ఈత నేర్పిన మనిషి, అరవై దాటినా భుజాలు వాకిలి తలుపుల్లా ఉంటాయి.

ఈ మొహాన్ని ఇంత దగ్గరగా చూడటానికి ఎన్నేళ్ళు పట్టింది! పెళ్ళి ఫోటో ఇప్పటికీ కొడుకింట్లో గోడ మీద ఉంది, అందులో మధ్యన పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, అటూ ఇటూ రెండు వీపులు. ఎడమ వీపు తనది. మావాళ్ళు కాని పిల్లని తెస్తే ఫోటోలో నా మొహం ఉండదురా అని శపథం చేసి మరీ గోడవైపు తిరిగి నిలబడింది, తన పంతం చూసి అందరూ అదిరిపోతారనుకుంది. తీరా ఫోటో వచ్చాక చూస్తే కుడివైపు ఇంకో వీపు, తన వీపుకి రెండింతలు. ఆవిడా అదే శపథం చేసుకుందన్నమాట వాళ్ళ భాషలో. అప్పుడు కోపం ఇంకా పెరిగింది. మా పిల్లాడికేం తక్కువని వీపు తిప్పింది! ఆ తర్వాత చిల్లర పుట్టాక ఇద్దరూ ఉయ్యాల దగ్గర కలిసేవారు గానీ మాటల్లేవు. ఒకరి భాష ఒకరికి రాదు, రాకపోవడమే సుఖంగా ఉండేది. తను పిల్ల ముక్కు పట్టుకుని "మా ముక్కు" అనేది, ఆవిడ పిల్ల చెవి పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అనేది, అది "మా చెవి" అని తనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నుదురు ఎవరిదో ఇప్పటిదాకా తేలలేదు.

ముక్కులూ చెవులూ కాదమ్మా లెక్క, అన్నాడు డాక్టరు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి. ప్రతి మనిషి కణాల మీదా కంటికి కనపడని గుర్తులుంటాయట, బస్సు ముందు రూటు బోర్డులా. ఒంట్లో తిరిగే కాపలా కణాలు ఆ బోర్డు చూసి ఇది మనది, ఇది మనది కాదు అని తేల్చేస్తాయట. ఆ గుర్తులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి. ఒక జనంలో తరతరాలుగా తిరిగే గుర్తులు కొన్ని, ఇంకో జనంలో తిరిగేవి ఇంకొన్ని. "ఈ పాపకి సగం ఇవి, సగం అవి. ఇలా రెండూ కలిసినవాళ్ళలోనే దొరకాలి. దాతల రిజిస్టరులో అలాంటివాళ్ళు చాలా తక్కువ. మీ ఇద్దరి జనాలూ విడివిడిగా కూడా తక్కువే." ఎందుకు తక్కువ అని తను నిలదీసింది. "ఎవరూ వచ్చి పేరు ఇవ్వరమ్మా" అన్నాడు. అదీ మాట! ఆ పూట తన ఒళ్ళు మండిపోయింది. ఎవరూ రాకపోవడమేమిటి, నిండిన బస్సులో ఇంకో ఇరవైమందిని ఎక్కించిన మనిషి తను. మర్నాడే రిజిస్టరువాళ్ళిచ్చిన పుల్లల పెట్టె చంకలో పెట్టుకుని తన పాత రూటు బస్సెక్కింది.

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పని అంత బాగా జరిగింది మరి. "బుగ్గ తిప్పండి, నోరు తెరవండి, ముందుకి జరగండి" అంటూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నెట్టుకుంటూ పోయింది. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల రుద్దాలి, కవర్లో పెట్టాలి, అతికించాలి. ఎవరూ కాదనలేదు, తను అడిగితే కాదనే ధైర్యం ఆ రూటులో ఎవడికుంది! కొందరు టికెట్టు కొత్త పద్ధతనుకుని నోరు తెరిచారు. సాయంత్రానికి పెట్టె నిండింది. ల్యాబువాళ్ళు ఫోన్ చేశారు. అమ్మా, ప్రతి కవరుకీ గుండ్రంగా ఒక చిల్లు ఉంది, ఏమిటది, అని. కండక్టరమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. ఉద్యోగం విరమించినా హ్యాండుబ్యాగులోనే పడి ఉండే పాత పంచింగు మిషను ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, కవరు పుచ్చుకున్నప్పుడల్లా ఎలా టిక్కుమందో, దేవుడికే తెలియాలి. చిల్లు పడితే లోపలికి గాలి, గాలితో ఇంకొకడి సరుకు, మొత్తం పెట్టె చెత్తబుట్టలోకి. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు, అనకపోవడమే భరించలేకపోయింది.

అప్పుడు వచ్చింది వియ్యపురాలు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, అల్లుడు నేర్పిన ఒకే ఒక్క తెలుగు ముక్క అంది, "వదినా." అని, తన మెళ్ళో వేలాడే ఈత విజిలు చూపించింది. పద అన్నట్టు. ఆ మొహంలో దెప్పిపొడుపు ఎక్కడుందా అని తను వెతికింది, కనపడలేదు. ఇద్దరూ మళ్ళీ అదే బస్సెక్కారు. ఎవరు ఏ స్టాపులో దిగుతారో తనకి తెలుసు, దిగినవాణ్ణి పరిగెత్తి పట్టుకోవడం ఆవిడకి తెలుసు. మొదటి రోజు మాత్రం రభస రభస అయింది. తన లెక్కలో ఒక విజిలంటే ఆపు, రెండంటే పోనీ. ఆవిడ లెక్కలో ఒకటంటే దూకు, రెండంటే నీళ్ళలోంచి బయటికి రా. ఆవిడ ఒకటి ఊదితే డ్రైవరు నడిరోడ్డు మీద బ్రేకు వేశాడు, తను రెండు ఊదితే ఆవిడ బస్సు దిగి వెళ్ళిపోయింది. పంచింగు మిషను ఆవిడ హ్యాండుబ్యాగులోకి పోయింది, ఇంకా తిరిగి రాలేదు. తను అడగనూ లేదు.

లోపల కోడలు చెయ్యెత్తి బొటనవేలు చూపించింది. సంచీలో మూడో వంతు తగ్గింది. పోనీలే, ఎక్కుతున్నాయి. ఎక్కేవేగానీ దిగేవి లేకపోతే బాగుండును. ఆ రెండేళ్ళలో ఇంకేం చేశారు తామిద్దరూ? పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఆ సంగతి కొడుకుకి ఇప్పటికీ చెప్పలేదు. రెండు రకాల మొహాలు జంటగా మెట్లెక్కుతుంటే చాలు, వియ్యపురాలు మోచేత్తో పొడిచేది, ఇద్దరూ లేచి వెళ్ళేవారు. ఒకప్పుడు కొడుకుని ఆ మెట్లెక్కనివ్వనని నెత్తీ నోరూ కొట్టుకున్న మనిషి ఇప్పుడు ఎక్కేవాళ్ళని చూసి మురిసిపోతోంది. కానీ ఏం లాభం, పుల్ల పెట్టడానికి మనిషి పద్ధెనిమిది దాటాలి, వీళ్ళు ఇప్పుడు చేసుకుంటే ఆ పిల్లలు పెద్దయ్యేదెప్పుడు? ఒకరోజు ఉక్రోషం ఆగక ఒక జంటని పట్టుకుని, "ఇరవయ్యేళ్ళ కిందట ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అని గద్దించింది. పెళ్ళికొడుకు బెదిరిపోయి, "నర్సరీలో ఉన్నామండీ" అన్నాడు. నిజమే, వాళ్ళ తప్పేముంది. ఆ జంట ఇద్దరూ పాపం బుద్ధిగా నోళ్ళు తెరిచారు.

మరి ఇరవై ఏళ్ళ కిందట, ముప్పై ఏళ్ళ కిందట కలవాల్సినవాళ్ళంతా ఏమైనట్టు? ఏమవుతారు, తన లాంటివాళ్ళ పాల పడ్డారు. తన సంగతే ఉంది. ఆ డ్రైవరు! తన బస్సు డ్రైవరు, వియ్యపురాలి జనమే, తెల్లటి పలువరస, బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు కూడా తూలేవాళ్ళు కాదు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక అద్దంలోంచి చూస్తూ నన్ను చేసుకుంటావా అని అడిగాడు. తను డబ్బు సంచీ బిగించి పట్టుకుని, "మీరు వేరు, మేం వేరు. బండి తియ్యి" అంది. ఎంత గొప్ప మాట అన్నాననుకుందో ఆ రోజు! చేసుకుని ఉంటే ఈపాటికి ముగ్గురు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, దానికి వాడి పళ్ళు. రెండోవాడికి తన నోరు. మూడోవాడు పుల్ల పెట్టించుకోనని మొండికేస్తాడు, వాడికి వీపు మీద ఒకటి ఇచ్చి పెట్టించేది. ముగ్గురూ సగం ఇవి, సగం అవి, ముగ్గురిలో ఒకరిదైనా చిల్లరకి సరిపోకపోతుందా! కండక్టరమ్మ ఆ పిల్లల్ని వరసగా బెంచీ మీద కూర్చోబెట్టి, పెద్దదాని జడ కూడా సవరించి, అప్పుడు ఉలిక్కిపడింది. వాణ్ణి చేసుకుంటే ఈ కొడుకు పుట్టేవాడా? కొడుకు పుట్టకపోతే చిల్లరెక్కడిది? అయ్యయ్యో అని నాలుక కరుచుకుని, ముగ్గుర్నీ గబగబా దింపేసింది. పోయి రండి తల్లీ, ఏమీ అనుకోకండి.

అయినా తన ఒక్కదాని సంగతి కాదు. ఎన్ని బస్సుల్లో, ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది మీరు వేరు మేం వేరు అని ఉంటారు. అందరం కలిసి ఆ రిజిస్టరుని ఖాళీ చేసి పెట్టి, ఇప్పుడొచ్చి ఇందులో మాకు సరిపడేవాళ్ళు లేరేమిటని గొడవ! ఈ ముక్క వియ్యపురాలితో చెప్పాలనిపించింది గానీ ఆవిడకి వచ్చిన తెలుగులో ఇది ఇమడదు. రెండేళ్ళలో ఆవిడ నేర్చినవి వదినా, ఎక్కు, దిగు, నోరు తెరు, తిన్నావా, ఎవరు, కాదు, ఒకరు, ఇద్దరు. తను ఆవిడ భాషలో నేర్చినవి కూడా దాదాపు అవే. వాటితోనే నెట్టుకొస్తున్నారు. ఇంత తిరిగినా బస్సుల్లో దొరకలేదు, మెట్ల మీద దొరకలేదు. దొరికింది ఒక బొడ్డుతాడు. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో తల్లి కన్నప్పుడు, పారేసే బొడ్డుతాడులోంచి రక్తం తీసి గడ్డకట్టించి దాచారట. "ఇవి పసి కణాలమ్మా. అన్ని గుర్తులూ కలవకపోయినా సర్దుకుపోతాయి. పాప చిన్నది కాబట్టి ఈ కాస్తా చాలు" అన్నాడు డాక్టరు. సర్దుకుపోతాయా! పుడుతూనే సర్దుకుపోయే బుద్ధి ఎవరికుంటుంది, తమ వంశంలో అయితే పోయేదాకా రాదు. ఇంక చిల్లర రక్తం గ్రూపు కూడా ఆ పసిబిడ్డదే అవుతుందని విని తనకి ఇంకో దిగులు పట్టుకుంది. పిల్ల పంతం పోతుందేమో, తన పంతం అది. నర్సుని చాటుగా అడిగితే, పంతం రక్తంలో ఉండదమ్మా అంది. వియ్యపురాలు కూడా కూతురి చేత చాటుగా అడిగించింది, పిల్ల ఈత మర్చిపోతుందా అని.

కుయ్ కుయ్ మని మోత. లోపల స్టాండుకున్న మిషను మీద ఎర్ర లైటు. కండక్టరమ్మ లేచిన వేగానికి బెంచీ వెనక్కి జరిగింది. చుక్క లేదు. చూసింది, కళ్ళు చిట్లించి చూసింది, చుక్క పడటం లేదు. సంచీలో ఇంకా ఉంది, గొట్టంలో ఉంది, పడటం లేదు. కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది, అటూ ఇటూ చూస్తోంది, ఏమీ ముట్టుకోకూడదు కదా పాపం. పై ప్రాణాలు పైనే పోయాయి కండక్టరమ్మకి. ఉన్నది ఊడ్చేశారు, వచ్చేది ఆగిపోయింది, ఇంకేముంది, నా తల్లీ, నా చిల్లరా, నేను ఒకసారి గోడవైపు తిరిగినందుకా, కావాలంటే నన్ను తీసుకెళ్ళు, ఆ చుక్క పడనీ, ఒక్క చుక్క పడనీ. చెయ్యి నొప్పి పుడుతుంటే చూసుకుంది. వియ్యపురాలు ఆ ఉక్కు చేత్తో తన చేతిని నలిపేస్తోంది. నర్సు రెండు తలుపులూ దాటి లోపలికెళ్ళడానికి ఎంతసేపు, మొదటిది మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు, ఏ తెలివైనవాడు పెట్టించాడో ఆ తలుపులు! నర్సు మంచం దగ్గరికి పోయి, తాపీగా దుప్పటి ఎత్తి, ముడుచుకున్న చిల్లర మోచేతి కింద నలిగిన గొట్టాన్ని సరిచేసింది. మోత ఆగింది. చుక్క. చుక్క. చిల్లర కళ్ళు తెరిచి చిరాగ్గా ఏదో అంది. గోడ మీది స్పీకర్లోంచి వినపడింది. "నన్నెందుకు లేపారు? ఎవరది, వెల్లుల్లి తిన్నది?"

పంతం ఎక్కడికీ పోలేదు. ఇద్దరూ బెంచీ మీద కూలబడ్డారు. కండక్టరమ్మకి నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారి మాస్కు తడిసిపోయింది, రెండేళ్ళుగా రాని ఏడుపు ఇప్పుడా రావడం అని తన మీద తనకే కోపం వచ్చింది. వియ్యపురాలు కూడా తన ముక్కు తుడుచుకుంది, మాస్కు పైనుంచే.

సంచీ ఖాళీ అయింది. నర్సు అందులో సెలైను పోసి, అటూ ఇటూ ఊపి, ఆ నీళ్ళు కూడా ఎక్కించింది, మళ్ళీ పోసి మళ్ళీ ఊపింది. ఒక్క కణం కూడా మిగలకూడదట. ఆ పని కండక్టరమ్మకి చాలా నచ్చింది. ముడతలుపడ్డ ఖాళీ సంచీ ట్రేలో పెట్టుకుని నర్సు బయటికొస్తే లేచి అడ్డం నిలబడింది. "కుదురుకున్నాయా?" "నెల పడుతుందమ్మా తెలియడానికి. ఇప్పుడే దారిలో ఉంటాయి." "ఇదెవరిదో నాకొక్కదానికి చెప్పవూ? ఎవరికీ చెప్పను." "నాకే తెలీదమ్మా" అంది నర్సు. "ఇలా రెండూ కలిసిన ఇల్లే అయ్యుంటుంది. అంతే తెలుసు."

అంతే తెలుసు. అదైనా చాలు. అంటే ఎక్కడో ఒక అబ్బాయి, వేరే జనం పిల్లని ఇంటికి తీసుకొచ్చాడు. అంటే ఆ ఇంట్లో ఒక తల్లి ఉండి ఉంటుంది. ఊరుకుంటుందా? అన్నం మానేసి ఉంటుంది, తలుపేసుకుని ఉంటుంది, నా శవం మీద నుంచి వెళ్ళు అని ఉంటుంది, చుట్టాలందర్నీ పోగేసి ఉంటుంది. శక్తివంచన లేకుండా అన్నీ చేసి ఉంటుంది. అయినా ఆపలేకపోయింది. ఆపలేకపోబట్టే ఆ పెళ్ళి జరిగింది, ఆ బిడ్డ పుట్టింది, ఆ బొడ్డుతాడు ఈ గాజు గోడ దాకా వచ్చింది. కండక్టరమ్మ ఆ ఖాళీ సంచీకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఓడిపోయావా తల్లీ, నీ కడుపు చల్లగుండ" అంది పైకే.

"ఎవరు వదినా?" అంది వియ్యపురాలు.

ఎలా చెప్పాలో తెలియక కండక్టరమ్మ తనకి వచ్చిన ఆవిడ భాషా, ఆవిడకి వచ్చిన తెలుగూ, చేతులూ, కళ్ళూ అన్నీ కలిపి చెప్పింది. పెళ్ళి. ముసలిది. వద్దు, వద్దు. ఓడిపోయింది. సంచీ. వియ్యపురాలు శ్రద్ధగా వింది. అప్పుడు తల అడ్డంగా ఊపి, రెండు వేళ్ళు చూపించింది.

"ఒకరు కాదు వదినా. ఇద్దరు."

నిజమే, ఇద్దరుంటారు. కండక్టరమ్మ ఇంకోసారి దండం పెట్టింది.